తాతగారి రైఫిలు, అరుదైన బోరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు తుపాకీ బోరు, అంటే గొట్టం లోపలి కొలత, గురించే ఉన్నాయి. మొదటి ఉత్తరంలోని సందేహం మన జిల్లాల్లో పాత లైసెన్సులున్న చాలా ఇళ్లలో ఉన్నదే కనుక దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, మాది పలమనేరు దగ్గర పల్లె. మా తాతగారు 1950లలో కొన్న విలాయతీ రైఫిలు ఒకటి మా నాన్నగారి లైసెన్సు మీద ఉంది. గొట్టం మీద .275 అని చెక్కి ఉంది. నాన్నగారికి ఈ ఏడాది 70 ఏళ్లు నిండాయి. దాన్ని నా పేరుకు మార్చుకోమంటున్నారు. బీరువాలో పాత తూటాలు 32 మిగిలాయి, కొన్నింటికి పచ్చగా చిలుము పట్టింది. తుపాకుల దుకాణంలో అడిగితే, ఈ బోరు ఇప్పుడెవరూ వాడరని, దీన్ని ఇచ్చేసి పాయింట్ 315 తీసుకోమని చెప్పారు. మా బావగారు .30-06 కంటే మంచిది లేదంటారు. మరొకరు తనకు తెలిసిన మిస్త్రీ చేత గొట్టం మార్పించి దీన్నే 315గా చేయించుకోమన్నారు. నాకు షూటింగ్ రేంజిలో గురి సాధన చేయాలని ఉంది. రాత్రిళ్లు వేరుశనగ చేలో అడవి పందుల బెడద కూడా ఉంది. ఈ రైఫిలును ఉంచుకోవడం మంచిదా, మార్చుకోవడం మంచిదా?

జవాబు: ఆ రైఫిలును ఇప్పుడే ఇచ్చేయకండి. గొట్టం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మార్పించకండి. ఉంచుకోవాలా వద్దా అన్నది రెండు విషయాలు తేలాక నిర్ణయించుకోవాలి: గొట్టం లోపల ఏ స్థితిలో ఉంది, ఆ బోరుకు సరిపడే కొత్త తూటాలు లైసెన్సు మీద మీకు నిలకడగా దొరుకుతాయా. ఈ రెంటికీ సంతృప్తికరమైన జవాబు వస్తే, మీరు చెప్పిన పనికి, అంటే రేంజిలో గురి సాధనకు, దుకాణం వారు చూపిన 315 కంటే మీ ఇంట్లో ఉన్నదే మేలైన రైఫిలని నా అభిప్రాయం.

అసలు .275 అంటే ఏమిటో ముందు చూద్దాం. రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి. పొలంలో సాళ్ల మధ్య గట్లు మిగిలినట్టు ఆ గాడుల మధ్య గట్లు మిగులుతాయి. ఎదురెదురు గట్ల మధ్య కొలత 0.275 అంగుళం, అంటే దాదాపు 7 మిల్లీమీటర్లు. తూటా కొసన ఉండి బయటికి దూసుకుపోయే గుండు వ్యాసం మాత్రం 0.284 అంగుళం. గుండు గట్ల మధ్య దూరం కంటే కాస్త లావుగా ఉంటేనే గట్లు దాన్ని కొరికి పట్టుకొని తిప్పుతాయి. అలా తిరుగుతూ పోయే గుండే సూటిగా పోతుంది. ఈ తూటా జర్మనీలో మౌజర్ సంస్థ 1892లో రూపొందించిన 7×57. ఇందులో మొదటి అంకె బోరు, రెండోది మందు నింపే ఇత్తడి గుల్ల పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. స్పెయిన్ సైన్యం 1893లో దీన్ని స్వీకరించింది. దక్షిణాఫ్రికాలో 1899 నుంచి 1902 వరకు జరిగిన యుద్ధంలో బోయర్లు ఇదే తూటాతో బ్రిటిష్ త్రీనాట్‌త్రీ (.303) రైఫిళ్లను ఎదుర్కొన్నారు. ఆ తర్వాత లండన్‌లోని రిగ్బీ సంస్థ ఇదే తూటాకు రైఫిళ్లు చేసి, అంగుళాల లెక్క అలవాటైన తన కొనుగోలుదారుల కోసం .275 అని పేరు మార్చింది. 1907లో కుమావూఁ ప్రాంతంలో చంపావత్ పులిని చంపినందుకు వేటగాడు జిమ్ కార్బెట్‌కు బహుమానంగా అందిన రైఫిలు ఈ బోరుదే. కనుక ‘ఎవరూ వాడరు’ అనే మాట నేటి మన మార్కెట్టు వరకే నిజం. దాన్ని ఆ తూటా మంచిచెడ్డల మీద తీర్పుగా తీసుకోనక్కరలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. గొట్టం మీద .275 అని ఉన్నంత మాత్రాన అది 7×57 అయి తీరాలని లేదు. హాలండ్ అండ్ హాలండ్ సంస్థ .275 మాగ్నమ్ పేరుతో మరో తూటాను తెచ్చింది. దాని గుల్ల అడుగున ఉబ్బెత్తు పట్టీ ఉంటుంది. అది పూర్తిగా వేరు. రెంటికీ అంకె ఒకటే, తూటా కూర్చునే చాంబర్ మాత్రం ఒకటి కాదు. మీ దగ్గరున్న పాత తూటా ఒకదాని అడుగు చూడండి: పట్టీ లేకుండా, చుట్టూ సన్నని గాడి మాత్రమే ఉండి, గుల్ల పొడవు 57 మిల్లీమీటర్లు ఉంటే మీ రైఫిలు 7×57దే అయ్యే అవకాశం ఎక్కువ. అయినా అంతటితో నమ్మకండి. లైసెన్సు ఉన్న ఆయుధ మరమ్మతుదారు చేత చాంబర్‌కు అచ్చు తీయించి కొలిపించి, ఆ కొలతలను కాగితం మీద రాయించుకోండి.

ఇక పాయింట్ 315 సంగతి. మన దేశంలో ఇదే సంప్రదాయ బోరు కావడానికి కారణం దాని గొప్పతనం కంటే చట్టం. బ్రిటిష్ పాలకులు సైన్యం వాడే త్రీనాట్‌త్రీ తూటాలు పట్టే తుపాకులను ప్రజల చేతికి ఇవ్వదలచుకోలేదు. సైనిక శిబిరం నుంచి దొంగిలించిన తూటా బయట ఏ తుపాకీలోనూ పేలకూడదన్నది వారి లెక్క. అందుకని ఆస్ట్రియా సైన్యం వాడిన 8×50 మాన్‌లికర్ తూటా .315 పేరుతో ఇక్కడ వాడుకలోకి వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి బోల్టుతో (తూటా వెనక చాంబర్‌ను మూసే కడ్డీతో) అదే బోరు రైఫిళ్లను తయారు చేసింది. ఆ నిషేధం వెనక ఉన్న ఆలోచన ఆయుధ నిబంధనల్లో ఇప్పటికీ కొనసాగుతోంది: .303, 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటాలు పట్టి పేల్చగల రైఫిలు ఏదైనా నిషిద్ధ బోరు కిందికే వస్తుంది. మీ 7×57 చాంబర్‌లో ఆ రెండూ పట్టవు.

రెండు తూటాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 315కు మూలమైన ఆస్ట్రియా తూటాలో గుండు బరువు 15.8 గ్రాములు, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు సుమారు 620 మీటర్లు. 7×57లో సాధారణంగా దొరికే గుండు 9.1 గ్రాములు, వేగం సుమారు 810 మీటర్లు. బరువును వేగ వర్గంతో గుణించి సగం చేస్తే శక్తి వస్తుంది. 315కు సుమారు 3,040 జౌళ్లు, మీ దానికి సుమారు 2,980. అంటే శక్తిలో రెండూ సమ ఉజ్జీలే. భుజానికి తగిలే దెబ్బ మాత్రం బరువును వేగంతో గుణించిన ద్రవ్యవేగాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన 315ది 9.8, మీ దానిది 7.4 కంటే కాస్త తక్కువ. మందు బరువు, రైఫిలు బరువు పక్కన పెడితే, అంతే శక్తి కోసం 315 మీ భుజాన్ని మూడో వంతు ఎక్కువగా తన్నుతుంది. పైగా బరువైన గుండు నెమ్మదిగా పోవడం వల్ల దూరం పెరిగేకొద్దీ ఎక్కువగా కిందికి జారుతుంది. రేంజిలో ఒక పూట ఇరవై, ముప్పై గుండ్లు కాల్చాలనుకునే మనిషికి ఈ తేడా చిన్నది కాదు. తన్నుకు భయపడిన చేయి ట్రిగ్గర్‌ను నొక్కడం మాని లాగుతుంది, కన్ను ముందుగానే మూసుకుంటుంది. అలా పాడైన గురిని మళ్లీ దారిలో పెట్టడానికి నెలలు పట్టడం నేను పలుమార్లు చూశాను.

మీ బావగారు చెప్పిన .30-06 నిస్సందేహంగా మంచి తూటా. అమెరికా సైన్యం దాన్ని 1906లో తీసుకుంది. పేరులోని 06 ఆ సంవత్సరమే. 9.7 గ్రాముల గుండును సెకనుకు సుమారు 887 మీటర్ల వేగంతో పంపుతుంది, శక్తి 3,800 జౌళ్లకు పైనే. ఈ బోరు రైఫిళ్లు, తూటాలు మన దేశంలోనే తయారవుతాయి గనుక సరఫరా సులువు. కానీ మీ దానికంటే పావు వంతుకు పైగా ఎక్కువగా వచ్చే ఆ శక్తిని మీరు ఎక్కడ వాడతారు? కాగితపు టార్గెట్‌కు 3,000 జౌళ్లైనా 3,800 జౌళ్లైనా ఒకే చిల్లు. పెద్ద జంతువుల వేట మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే ముగిసింది. ఆ కాలపు అవసరాన్ని చూసి ఈనాటి రైఫిలును ఎంచుకోవడం సరికాదు.

అయితే మీ రైఫిలుకు అసలు లోపం తూటాల సరఫరాలో ఉంది. దుకాణం వారి మాటలో బలమంతా ఇక్కడే ఉంది కనుక దాన్ని తేలికగా తీసుకోకండి. మన ప్రభుత్వ కర్మాగారాలు చాలాకాలంగా చేస్తున్నవి 315, .30-06, .22 తూటాలు. 7×57కు మీరు విదేశీ సరుకు మీద, లేదా ఏ పాత డీలరు దగ్గరో మిగిలిన నిల్వ మీద ఆధారపడాలి. తూటా కరువైతే మంచి రైఫిలు కూడా ఏమవుతుందో చెప్పడానికి మన జిల్లా నుంచే ఒక ఉదాహరణ ఉంది. భాకరాపేట దగ్గరి చామల లోయలో మనుషులను తినే పులి వెంట తిరిగిన బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్. 1904లో ఒక్క రైఫిలు నమూనా కోసం పుట్టిన బోరు అది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని 1909లో ఆఫ్రికాకు తీసుకెళ్లాడు. ఆ నమూనా తయారీ ఆగిపోయాక గిరాకీ పడిపోయి, దశాబ్దాల పాటు దానికి ఫ్యాక్టరీ తూటా లేని రోజులు వచ్చాయి. 7×57కు అంతటి ప్రమాదం లేదు. ప్రపంచంలో పలు సంస్థలు ఇంకా చేస్తున్నాయి. కానీ అక్కడెక్కడో తయారవడం వేరు, పలమనేరులో ఉన్న మీ లైసెన్సు పుస్తకంలో నమోదై మీ చేతికి రావడం వేరు. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో లైసెన్సు ఉన్న డీలర్లకు ఉత్తరం రాసి, ఎన్ని తూటాలున్నాయి, ఏ సంవత్సరపు సరుకు, మళ్లీ ఎప్పుడు వస్తుంది అని రాతపూర్వకంగా అడగండి. కనీసం ఇద్దరు డీలర్ల నుంచి నమ్మదగిన జవాబు వస్తే రైఫిలును ఉంచుకోండి. ఒక్కరూ ముందుకు రాకపోతే బీరువాలో ఊరకే పెట్టుకోవడం కంటే, పత్రాలు సరిచూసుకొని లైసెన్సు ఉన్నవారికి అమ్మడం మంచిది. దాని విలువ తెలిసినవారు ఉంటారు.

బీరువాలోని 32 తూటాలతో పరీక్ష చేయాలనే ఆలోచన ఉంటే మానుకోండి. ఇత్తడి మీద పచ్చ చిలుము పైపైదైతే ఒక ఎత్తు, మెడ దగ్గర లోపలికి తిన్నదైతే మరో ఎత్తు. ఏది ఏదో కంటితో తేల్చలేం. గుల్ల చీలితే వేడి వాయువు బోల్టు వైపు, అంటే మీ ముఖం వైపు వస్తుంది. తూటా అడుగున నిప్పు రగిల్చే క్యాప్ పాతదైతే వెంటనే అంటుకోక రెండు మూడు క్షణాలు ఆగి పేలే సందర్భాలూ ఉంటాయి. టక్కుమని శబ్దం వచ్చి పేలకపోతే, ఎవరి తూటా అయినా సరే, గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం కదలకుండా ఉండాలి. ఆత్రంగా బోల్టు లాగితే చేతులు పోతాయి. మీ పాత తూటాలను విప్పడం, పారేయడం, పూడ్చడం చేయకండి. డీలరుకో పోలీసు స్టేషనుకో అప్పగించి, ఎన్ని ఇచ్చారో లైసెన్సు పుస్తకంలో రాయించుకోండి.

గొట్టం స్థితి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తూటా లేదని రెండుసార్లు చూసుకొని, బోల్టు బయటికి తీసి, చాంబర్ దగ్గర చిన్న తెల్ల కాగితం ముక్కను వాలుగా పెట్టి, పగటి వెలుతురులో మూతి వైపు నుంచి చూడండి. గాడుల అంచులు పలకబద్దలా పదునుగా కనిపించాలి. అంచులు కరిగిన సబ్బులా గుండ్రంగా ఉన్నా, మధ్యలో నల్లటి గుంటలు వరుసగా ఉన్నా గొట్టం ఆయుష్షు తీరినట్టే. మీ తాతగారి కాలపు తూటాల క్యాప్‌లలో కాలాక ఉప్పు మిగిల్చే రసాయనం ఉండేది. ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి రాత్రికి రాత్రే గొట్టాన్ని తినేస్తుంది. నూనె దాన్ని కరిగించదు, నీళ్లే కరిగిస్తాయి. ఆ సంగతి తెలిసినవారు కాల్చిన రోజే వేడి నీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాసేవారు. మీ తాతగారు ఏం చేసేవారో నాన్నగారిని అడగండి. గొట్టం లోపల ఏం కనిపించబోతోందో చాలా వరకు అక్కడే తెలిసిపోతుంది.

ఇదే సందర్భంలో మరో మాట. ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్సుదారులు ఆయుధాలను స్టేషనులో డిపాజిట్ చేయడం మనకు అలవాటే. ఒకసారి రెండు నెలల తర్వాత నా రైఫిలు తిరిగి వచ్చినప్పుడు మూతి నుంచి అంగుళం మేర లోపల ఎర్ర తుప్పు కనిపించింది. తప్పు స్టేషను వారిది కాదు, నాదే. తేమ గోడకు ఆనించిన మామూలు గోనె గుడ్డలో పొడి గొట్టాన్ని చుట్టి ఇచ్చాను. అప్పటి నుంచి లోపల చిక్కని తుప్పునిరోధక నూనె పట్టించి, దానిపై కాగితం చీటీ అంటించి ఇస్తున్నాను. తిరిగి తెచ్చుకున్నాక ఆ నూనెను పూర్తిగా తుడవకుండా ఒక్క గుండు కూడా కాల్చకూడదు.

గొట్టం మార్పించడం గురించి. మౌజర్ రైఫిలు బోల్టు ముందు భాగం అంచు లేని 7×57 గుల్లకు తగినట్టు చెక్కి ఉంటుంది. 315 గుల్లకు అడుగున అంచు ఉంటుంది. గొట్టం ఒక్కటే మారిస్తే సరిపోదు. బోల్టు ముఖం, గుల్లను లాగే కొక్కెం, తూటాలు నిలవుండే మ్యాగజీన్ అన్నీ మార్చాలి. ఇన్ని మార్పులు చేశాక ఒత్తిడిని తట్టుకుంటుందని ఎవరు హామీ ఇస్తారు? ఇక చట్టం సంగతి: 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం ఆయుధాన్ని మార్చడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం లైసెన్సు ఉన్నవారే చేయాలి. ఊరి మిస్త్రీ చేత చేయించిన రోజున ఆయనా నేరస్థుడే, మీరూ నేరస్థులే. దాంతోపాటు గొట్టం మీది ముద్ర, లైసెన్సులో రాసిన బోరు ఒకటి కాకుండా పోతాయి. తాతగారి కాలం నుంచి సక్రమంగా వచ్చిన ఆయుధం ఒక్క మధ్యాహ్నంలో అక్రమం అవుతుంది.

అడవి పందుల విషయంలో మీ బాధ నాకు అర్థమవుతుంది; కోతకు వచ్చిన వేరుశనగ చేను ఒక్క రాత్రిలో దున్నినట్టు అయిపోవడం నేను చూశాను. అయినా ఈ రైఫిలును ఆ పనికి తలుచుకోకండి. 2022 సవరణ తర్వాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూలులో ఉంది. 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా కాల్చడం నేరం. పంట రక్షణకు ఆయుధ చట్టం ప్రత్యేకంగా చెప్పింది మూతి వైపు నుంచి మందు దట్టించే తుపాకీ గురించే. ఆ చట్టం మాట అటుంచినా, రాత్రిపూట చదునైన చేలో వదిలిన రైఫిలు గుండు గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది. గట్టు అవతల నీళ్లు కట్టే మనిషి ఉన్నాడో లేదో చీకట్లో మీకెలా తెలుస్తుంది? పంట నష్టానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి, సోలార్ కంచె గురించి విచారించండి.

పేరు మార్పుకు మీకు ఇదే సరైన సమయం. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గరున్నా, ఆయన సూచించిన వారసుడికి లైసెన్సు ఇవ్వవచ్చని 2016 ఆయుధ నిబంధనల్లో ఉంది. నాన్నగారు ఉండగానే, ఆయన సంతకంతోనే ఈ పని పూర్తి చేసుకోండి. తర్వాతైతే వారసులందరి సమ్మతి పత్రాలు కావాలి, ఈలోగా ఆయుధాన్ని 21వ సెక్షన్ ప్రకారం స్టేషనులోనో డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే అని, లైసెన్సు గడువు 5 ఏళ్లని గుర్తుంచుకోండి. పలమనేరు పక్కనే కౌండిన్య అభయారణ్యం ఉంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు నివసించే లైసెన్సుదారు తన పేరును ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి దగ్గర నమోదు చేయించుకోవాలని, ఆ పరిధిలో కొత్త లైసెన్సుకు ఆ అధికారి సమ్మతి ముందుగా ఉండాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. చాలామంది దరఖాస్తులు నెలల తరబడి ఆగేది ఈ ఒక్క కాగితం దగ్గరే. మీ ఇల్లు ఆ పరిధిలోకి వస్తుందో లేదో కలెక్టరు కార్యాలయానికి వెళ్లే ముందే అటవీ రేంజి కార్యాలయంలో కనుక్కోండి. రేంజికి రైఫిలును తీసుకెళ్లేటప్పుడు అడవి గుండా పోయే దగ్గరి దారి కాకుండా హైవే మీదుగానే వెళ్లండి. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే నేరం.

ప్రశ్న: మాది తిరుపతి. మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ ఎన్‌సీసీలో .22 రైఫిలుతో బాగా కాలుస్తోంది. .17 బోరు తూటా ఇంకా వేగంగా, ఇంకా సూటిగా పోతుందని ఎక్కడో చదివిందట. పోటీలకు వెళ్లాలంటే మొదటి నుంచే ఆ బోరులో సాధన చేయించడం మంచిదా?

జవాబు: వద్దమ్మా. మీ అమ్మాయి చదివినది అబద్ధం కాదు. 2002లో వచ్చిన .17 హెచ్ఎంఆర్ తూటా 1.1 గ్రాముల గుండును సెకనుకు 770 మీటర్లకు పైగా వేగంతో పంపుతుంది, గాలికి కొట్టుకుపోవడం .22లో కంటే తక్కువ. కానీ 50 మీటర్ల రైఫిల్ పోటీల నిబంధన ఒకే ఒక తూటాను ఒప్పుకుంటుంది: 5.6 మిల్లీమీటర్ల .22 లాంగ్ రైఫిల్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుశాలె కాంస్యం గెలిచింది ఆ తూటాతోనే. అక్కడ పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంత చిన్న చోట గుండ్లన్నీ పడాలంటే వేగం కంటే తూటా తూటాకూ తేడా లేకపోవడం ముఖ్యం. పోటీ రకం .22 తూటాలను కావాలనే సెకనుకు 330 మీటర్ల దగ్గర, ధ్వని వేగానికి లోపలే ఉంచుతారు. ధ్వని వేగాన్ని దాటి మళ్లీ దాని కిందికి దిగే గుండు ఆ సంధి దగ్గర తడబడుతుంది. మే నెలలో తిరుపతి ఎండలో ధ్వని వేగం 355 మీటర్ల దాకా పెరుగుతుంది కనుక ఆ తేడా మనకు ఇంకా అనుకూలం.

అమ్మాయికి ఇప్పుడు చేయించవలసిన ఖర్చు వేరే బోరు మీద కాదు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, అంటే 4.5 మిల్లీమీటర్లది, దానితో రోజూ నిలబడి గురి నిలపడం నేర్పించండి. రైఫిల్ క్లబ్‌లో సభ్యత్వం తీసుకొని .22కు క్లబ్బు రైఫిలునే వాడనివ్వండి. తూటాలు కొనేటప్పుడు పెట్టె మీది లాట్ నంబరును, అంటే ఒకే విడతలో తయారైన తూటాలకు వేసే నంబరును, ఒక పుస్తకంలో రాసుకోమని చెప్పండి. ఒకే సంస్థ, ఒకే పేరు తూటా అయినా ఒక లాట్ ఆ రైఫిలుకు కుదురుతుంది, మరొకటి కుదరదు. మంచి షూటర్లు ఇలాంటి పుస్తకాన్ని ఏళ్ల తరబడి రాస్తారు.

ప్రశ్న: మాది చిత్తూరు. నా దగ్గర లైసెన్సు మీద .30-06 రైఫిలు ఉంది. దాని గుండు వ్యాసం 0.308 అంగుళమేనని చదివాను. అలాంటప్పుడు .308 వించెస్టర్ తూటా ఇందులో పని చేయదా?

జవాబు: చేయదు, ప్రయత్నించనూ వద్దు. గుండు వ్యాసం ఒకటే అయినా గుల్లలు వేరు. మీ రైఫిలు చాంబర్ 63 మిల్లీమీటర్ల గుల్ల కోసం తొలిచినది, .308ది 51 మిల్లీమీటర్లు. పొట్టి తూటా లోపలికి పోతుంది. అసలు ప్రమాదం అదే. పోకపోతే మీరే ఆగిపోయేవారు. పోయినప్పుడు దాని భుజం, అంటే గుల్ల మెడ వైపు సన్నబడే చోటు, ముందు 12 మిల్లీమీటర్ల చోటు ఖాళీగా మిగులుతుంది, పేలినప్పుడు ఇత్తడికి ఆనుకునే గోడ ఉండదు, గుల్ల ఉబ్బి చీలుతుంది. .30-06 పేరులోని .30 గట్ల మధ్య కొలత, .308 గుండు వ్యాసం. కొలిచే చోటు మారడం వల్ల అంకె మారింది. గుండు వ్యాసం ఒకటే కదా అని ఒకదాని బదులు మరొకటి వాడడానికి లేదు.

చట్టం వైపు నుంచి చూసినా ఇది చిన్న విషయం కాదు. .308 చాంబర్‌లో 7.62 సైనిక తూటా పట్టి పేలుతుంది కనుక ఆ బోరు పేరు వినగానే నిషిద్ధ బోరు ప్రశ్న లేస్తుంది. మీ లైసెన్సులో లేని తూటా ఒక్కటి ఇంట్లో దొరికినా కేసే. కౌంటరు దగ్గర పెట్టెను చేతిలోకి తీసుకొని దాని మీది పేరు, మీ గొట్టం మీది పేరు, లైసెన్సు పుస్తకంలో రాసిన పేరు మూడూ ఒక్క అంకె తేడా లేకుండా కలిశాయని చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.